9600ని కదపకండి

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుర్రాళ్లు ఐటీఐ, డిప్లొమా కాగానే సిగ్నల్-టెలికాం పనుల్లోకో, కంప్యూటర్ మెయింటెనెన్స్ కాంట్రాక్టర్ల దగ్గరికో వెళ్తుంటారు. మానిటరూ కీబోర్డూ లేని పాత వర్క్‌స్టేషన్ ఏదో ఒక రోజు వాళ్ల చేతికి రావచ్చు. దాంతో మాట్లాడటానికి వెనకున్న సీరియల్ పోర్టే దిక్కు.

సన్ కంపెనీ యంత్రమైతే కీబోర్డు తగిలించకుండా ఆన్ చేయండి. కన్సోల్ దానంతటదే మొదటి సీరియల్ పోర్టుకు వెళ్లిపోతుంది. ఎవరూ మార్చకపోతే వేగం 9600, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, ఒక స్టాప్ బిట్. లాప్‌టాప్‌లో పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి మొదట ఇవే పెట్టండి, ఫ్లో కంట్రోల్ తీసేయండి.

కేబుల్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. రెండువైపులా 9 పిన్నులుంటే 2, 3 అడ్డంగా మారాలి, 5కి 5 కలపాలి. పాత సన్ యంత్రాలకు 25 పిన్నుల పోర్టు ఉంటుంది. అందులో 2, 3 పిన్నుల పనులు తారుమారు కాబట్టి 2కి 2, 3కి 3 నేరుగానే వెళ్లాలి. లాప్‌టాప్ వైపు 5 మాత్రం అటు 7కి వెళ్తుంది. ఇది తెలియక మంచి కేబుల్‌ని కోసి పాడుచేసేవాళ్లు ఉన్నారు.

ఇక తెరను చదవడం నేర్చుకోండి. ఏమీ రాకపోతే కేబులో, పోర్టు నంబరో తప్పు. అన్నీ పిచ్చి గుర్తులైతే వేగం తప్పు. కొన్ని అక్షరాలే చెడితే పారిటీ చూడండి: 'లాగిన్' అనే ఇంగ్లిష్ మాటలో ఎల్, ఓ, ఐ సరిగ్గా వచ్చి జీ, ఎన్ చెడ్డాయంటే అవతలిది 7 బిట్లు, ఈవెన్ పారిటీతో పంపుతోందన్నమాట. అక్షరాలు కనిపిస్తూ మీరు కొట్టింది వెళ్లకపోతే ఫ్లో కంట్రోలో, తెగిన తీగో.

9600లో సెకనుకు 960 అక్షరాలొస్తాయి. 80 అక్షరాల వరసలు 24 ఉన్న తెర నిండటానికి రెండు సెకన్లు. నిదానమే, అందుకే 115200కి పెంచాలని చెయ్యి దురద పెడుతుంది. వద్దంటాను. వేగం ఒక్కచోట ఉండదు. ఫర్మ్‌వేర్‌లో ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒకటి, లాగిన్ అడిగే ప్రోగ్రామ్‌లో మరొకటి ఉండొచ్చు. ఒకటి మార్చి మిగతావి మరిస్తే బూట్ సగంలో తెర గజిబిజి అవుతుంది, మీ తర్వాత షిఫ్టుకొచ్చినవాడు యంత్రమే పోయిందనుకుంటాడు. పెద్ద లాగ్ ఫైళ్లు కావాలంటే నెట్‌వర్క్ మీద తెచ్చుకోండి. మార్చక తప్పకపోతే ముందు ఫర్మ్‌వేర్ 'ఓకే' ప్రాంప్ట్ దగ్గర ప్రింట్‌ఎన్వ్ కొట్టి పాత విలువలు రాసుకోండి, కొత్త వేగాన్ని చీటీ మీద రాసి డబ్బాకే అంటించండి.

నడుస్తున్న సన్ యంత్రం నుంచి కేబుల్ ఊడదీసినా, టెర్మినల్ ఆపేసినా దాన్ని బ్రేక్ సంకేతంగా తీసుకుని యంత్రం ఆగిపోవచ్చు. తెర మీద 'ఓకే' ప్రాంప్ట్ కనిపిస్తే కంగారుపడి పవర్ తీయకండి. 'గో' అని కొట్టి ఎంటర్ నొక్కితే ఆగినచోటి నుంచే మళ్లీ నడుస్తుంది.