చుట్టిల్లు – చరిత్రలో మన ఇల్లు

చరిత్ర పుస్తకాలలో కోటలు, రాజమహళ్ళ గురించి చదువుకున్నాము. మా తాతలు కాపురమున్న చుట్టిల్లు మాత్రం ఏ పేజీలోనూ కనిపించలేదు. మీ ఇల్లెలాంటిదని అడిగితే "పూరిల్లు" అని మెల్లగా చెప్పేవాళ్ళము.

నర్సీపట్నం నుంచి సముద్రం వైపు దిగితే తీరపల్లెలు వస్తాయి. ఒకప్పుడు అక్కడ చుట్టిళ్ళే ఎక్కువ. అది తుఫానుల దారి. చదరపు గోడను గాలి ఎదురుగా కొడుతుంది. గుండ్రని గోడ చుట్టూ జారిపోతుంది. గడ్డి కలిపి తొక్కిన మట్టిని ఒక వరుస ఆరాక మరో వరుస పెట్టి గోడ లేపుతారు. వాసాలన్నీ పైన ఒకచోట కలుస్తాయి. వాటిమీద తాటాకు కప్పుతారు. చూరు బాగా కిందికి దిగడంవల్ల గోడ వానకు తడవదు, ఇల్లు చల్లగా ఉంటుంది. లోపమూ ఉంది. నిప్పురవ్వ పడితే ఇల్లు దక్కదు. అందుకే పక్కా ఇల్లు కోరుకోవడం న్యాయమే.

ఇంగ్లండులో 15వ శతాబ్దపు 'బేలీఫ్' అనే రైతు ఇల్లుంది. ఓక్ కలప చట్రం, పుల్లలు అల్లి మట్టి మెత్తిన గోడలు, మన తడిక గోడల్లాగే. రిజర్వాయరు కట్టేటప్పుడు 1960ల చివర్లో దానిని విప్పి, సింగిల్టన్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు.

మిత్రులారా, సెలవులకు వెళ్ళినప్పుడు చుట్టిల్లు కనిపిస్తే కొలతలు రాసుకోండి. కట్టిన తాతను అడగండి. ఆయన పోతే ఆ విద్యా పోతుంది.