ఛాయాచిత్రానికి తగిన కొలత

గతించిన కాలానికి ఛాయాచిత్రం ప్రత్యక్ష సాక్షి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రాలు లేకపోతే నాటి హైదరాబాదు నగర వైభవం నేటి తరానికి ఊహామాత్రంగానే మిగిలేది. కదలని ఇటువంటి చిత్రాలకు కదలికను కల్పించి కథ చెప్పే పద్ధతి చలనచిత్ర రంగంలో చాలాకాలంగా ఉన్నది. కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ 1957లో నిర్మించిన ‘సిటీ ఆఫ్ గోల్డ్’ అనే లఘుచిత్రంలో, బంగారం కోసం జనం తరలివచ్చిన నాటి డాసన్ పట్టణం పాత ఛాయాచిత్రాల ద్వారానే సజీవమై కనిపిస్తుంది. అమెరికాలో 1990లో ప్రసారమైన ‘ది సివిల్ వార్’లో కెన్ బర్న్స్ ఈ పద్ధతిని విస్తృతంగా వినియోగించాడు. బొమ్మను మెల్లగా దగ్గరకు తెచ్చే ఈ ప్రక్రియ నేడు ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది.

ఒకప్పుడు నిపుణులకే పరిమితమైన ఈ పని నేడు ఇంటింటా జరుగుతున్నది. ఒక ఉదాహరణ: అమ్మమ్మ సంవత్సరీకం నాడు బంధువులకు చూపడానికి ఒక యువకుడు వీడియో కూర్చాడు. ఆమెకు మిగిలినది ఒకే ఒక్క పెండ్లి ఫోటో. తెరకు ఇరువైపులా ఖాళీ మిగిలిందని అతడు బొమ్మను అడ్డంగా సాగదీశాడు. తెర నిండింది, కాని ముఖం ఇంచుమించు ఐదోవంతు వెడల్పు పెరిగింది. సొంత చెల్లెలే క్షణకాలం ఆమెను పోల్చుకోలేకపోయింది. లోపం ఛాయాచిత్రానిది కాదు, కొలతది.

ఈ లోపానికి కారణం నిష్పత్తి భేదం. నేటి వీడియో చట్రం వెడల్పు, ఎత్తులు సాధారణంగా 16:9 నిష్పత్తిలో ఉంటాయి. 35 మిల్లీమీటర్ల ఫిలిం మీద తీసిన ఛాయాచిత్రం నిష్పత్తి 3:2. ఈ రెండూ ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమడవు. భారతీయ శిల్పులు ఇటువంటి సమస్యను ఏనాడో గుర్తించారు. ముఖం పొడవును ‘తాలం’ అనే కొలతగా గ్రహించి, విగ్రహంలోని అవయవాలన్నింటినీ దానిని బట్టి నిర్ణయించారు. నవతాల విగ్రహం జానెడు ఎత్తున ఉన్నా, నిలువెత్తున ఉన్నా ముఖానికి తొమ్మిది రెట్లే. పరిమాణం మారవచ్చును, నిష్పత్తి మారరాదు. ఛాయాచిత్రానికీ ఇదే నియమం.

నిష్పత్తి చెడకుండా చిత్రాన్ని అమర్చడానికి రెండు మార్గాలున్నాయి. వీడియో చట్రం 1920 × 1080 పిక్సెళ్ళని అనుకోవాలి. పిక్సెల్ అంటే బొమ్మలోని అతి చిన్న వర్ణబిందువు. 3:2 చిత్రం వెడల్పును 1920కి తెస్తే ఎత్తు 1280 అవుతుంది. అధికంగా ఉన్న 200 పిక్సెళ్ళను పైనగాని కిందగాని కత్తిరించాలి. పైభాగంలో తలలు తెగిపోయే అవకాశముంటే కిందివైపే ఎక్కువ తీసివేయడం ఉచితం. చిత్రంలో ఏ భాగాన్నీ వదులుకోకూడదనుకొంటే ఎత్తును 1080కి తేవాలి. అప్పుడు వెడల్పు 1620 అవుతుంది; ఇరువైపులా 150 పిక్సెళ్ళ చొప్పున ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని నలుపు రంగుతో గాని, అదే చిత్రపు మసక రూపంతో గాని నింపవచ్చును.

తరువాత ఆలోచించవలసినది చిత్రంలోని స్పష్టత. స్కానరు మీద కనిపించే ‘డి.పి.ఐ.’ అనే సంఖ్య అంగుళానికి ఎన్ని చుక్కలో తెలుపుతుంది. 6 × 4 అంగుళాల ఫోటోను 300 డి.పి.ఐ. వద్ద స్కాన్ చేస్తే 1800 × 1200 పిక్సెళ్ళు లభిస్తాయి. చట్రం వెడల్పుకు ఇంకా 120 పిక్సెళ్ళు తక్కువ. 600 వద్ద 3600 × 2400 లభిస్తాయి. ఒకసారి స్కాన్ చేసిన తరువాత వీడియోకు కావలసినది పిక్సెళ్ళ లెక్క మాత్రమే. 1920 × 1080 పిక్సెళ్ళ ఫైలులో డి.పి.ఐ. 72 అని రాసి ఉన్నా, 300 అని రాసి ఉన్నా తెర మీద రూపం ఒక్కటే.

పెండ్లి ఫోటోలో వధువు ముఖం వద్దకు మెల్లగా చేరాలనుకొంటే మరింత జాగ్రత్త అవసరం. చిత్రపు వెడల్పులో సగాన్ని తెర నిండా చూపాలంటే మొత్తం వెడల్పు చట్రానికి రెట్టింపు, అంటే 3840 పిక్సెళ్ళు ఉండాలి. లేకపోతే ముఖం మసకబారుతుంది. అందువల్ల 1200 డి.పి.ఐ. వద్ద స్కాన్ చేసి, ఆ మూలప్రతిని భద్రపరచి, 3840 × 2560 పిక్సెళ్ళకు తగ్గించిన నకలును వీడియోలో వాడడం మేలు. అయితే కాగితం మీద లేని వివరాన్ని ఏ స్కానరూ సృష్టించలేదు.

అలాగని అవసరానికి మించిన పరిమాణమూ మంచిది కాదు. 1200 వద్ద లభించే 7200 × 4800 పిక్సెళ్ళ చిత్రం, పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున, కంప్యూటరు జ్ఞాపకశక్తిలో 10 కోట్ల బైట్లకు పైగా ఆక్రమిస్తుంది. అటువంటి చిత్రాలు పదుల సంఖ్యలో చేరితే ఎడిటింగ్ కుంటుపడుతుంది.

కాబట్టి చట్రం కొలతను ముందుగా తెలుసుకోవడం, కదలికకు తగిన పిక్సెళ్ళను సమకూర్చుకోవడం, నిష్పత్తిని కాపాడడం అనే మూడు పనులు క్రమంగా జరగాలి. ఆ యువకుడు ఇరువైపులా కొద్దిపాటి ఖాళీని సహించి ఉంటే చాలు, చెల్లెలు తన అక్కను ఆ తెర మీద చూడగానే పోల్చుకొనేది.

ప్రశ్నలు

1. శిల్పుల తాలమానానికి, వీడియోలో ఛాయాచిత్రాన్ని అమర్చే విధానానికి గల పోలికను వివరించండి.
2. వీడియోకు డి.పి.ఐ. కంటే పిక్సెళ్ళ సంఖ్య ముఖ్యమని ఎట్లు చెప్పవచ్చును?
3. 4:3 నిష్పత్తి గల చిత్రాన్ని కత్తిరించకుండా 1920 × 1080 చట్రంలో అమర్చితే ఒక్కొక్క వైపున ఎన్ని పిక్సెళ్ళ ఖాళీ మిగులుతుంది?