నేటి జనప్రియ గీతములు - శ్రీశైలపు దారి పాటలు

ఒక పాటను పదిమంది మెచ్చుట దానికి గుణమా, దోషమా? ఈ ప్రశ్నకు నేటి కళాశాలలలో రెండు జవాబులు వినవచ్చుచున్నవి. విద్యార్థులు ఫలానా పాటను ఇన్ని కోట్ల మార్లు చూచినారని లెక్క చెప్పి, అదియే దాని గొప్పతనమందురు. పెద్దలు ఆ లెక్కనే చూపి, అందరి నోట నానునది మంచి పాట ఎట్లగునని పెదవి విరుతురు. ఈ రెండు వాదములలోను లోపమొక్కటే. ఇరువురును లెక్కను చూచుచున్నారు గాని పాటను వినుట లేదు. భాషాసాహిత్యములు చదువుకొను మనము ఈ విషయమును కొంత ఓపికతో పరిశీలింపవలెనని మా అభిప్రాయము.

లెక్క ఎట్లు పుట్టినది?

పాటలకు వరుస సంఖ్యలు వేయు ఆచారము మన దేశమున రేడియోతో ప్రచారమైనది. 1952లో రేడియో సిలోను నుండి 'బినాకా గీత్‌మాలా' ప్రారంభమైనది. 2024లో దివంగతులైన అమీన్ సయానీగారి కంఠమే దానికి ప్రాణము. బుధవారము రాత్రులందు హిందీ సినిమా పాటలను వారు 'పాయ్‌దాన్', అనగా మెట్టు, అను మాటతో వరుసగా వినిపించెడివారు. రికార్డుల అమ్మకమును, శ్రోతల అభిప్రాయములను బట్టి ఆ మెట్లు నిర్ణయమయ్యెడివి. దుకాణమునకు పోయి రికార్డు కొనుటకైనను, ఉత్తరము వ్రాయుటకైనను శ్రోత కొంత శ్రమపడవలసి యుండెను. ఆ శ్రమయే అతని ఇష్టమునకు సాక్ష్యము.

నేడు లెక్కించునది యంత్రము. ఒకే శ్రోత ఒకే పాటను దినమునకు పలుమార్లు పెట్టినను లెక్క పెరుగును. ప్రక్క గదిలో పాట మ్రోగుచుండగా మనము మాటలలో మునిగియున్నను లెక్క పెరుగును. కనుక ఆ సంఖ్య పాట ఎన్నిమార్లు మ్రోగినదో చెప్పును; ఎంత లోతుగా నాటినదో చెప్పదు.

సోమనాథుని జాబితా

యంత్రములు లేని కాలమున జనప్రియ గీతములు లేవా? ఉన్నవి. వాటి జాబితా కూడ ఉన్నది. అది మన సీమకు చెందినదే యగుట మనకు గర్వకారణము. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లోని పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రికులను వర్ణించుచు, వారు పాడు పాటలను పేర్కొనినాడు. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, వాలేశు పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు అందు కనబడును.

ఈ పేర్లను విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. ప్రభాత పదము వేళను బట్టి వచ్చిన పేరు. పర్వత పదము చోటును బట్టి, నివాళి పదము చేయు పనిని బట్టి, శంకర పదము దైవమును బట్టి వచ్చిన పేర్లు. తుమ్మెద పదములలో 'తుమ్మెదా' అను పిలుపు పల్లవి వలె మరల మరల వచ్చును. ఒక్క పేరులోనైనను కవి గాని గాయకుడు గాని లేడు. పాట ఎవరిదను ప్రశ్న కంటె, ఎప్పుడు, ఎందుకు పాడుదురను ప్రశ్న ఆ జనులకు ముఖ్యమైనది.

ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాస ద్వారముల మీదుగా శ్రీశైలమునకు పోవు నల్లమల కాలిదారి ఎత్తుపల్లములతో కూడినది. నేటికిని ఉగాదికి కన్నడ భక్తులు ఆ దారిన నడచి వత్తురు. కొండ ఎక్కువానికి ఊపిరి నిలువవలెను, అడుగు తప్పరాదు, ప్రక్కవాడు వెనుకబడరాదు. ఒకడు పాడగా పదిమంది అందుకొను పాట ఈ మూడు పనులను చేయగలదు. అట్టి పాట జనప్రియమగుటకు కారణము వేరుగా వెదకనక్కరలేదు.

సోమనాథుడు సంస్కృతము తెలియక ఈ పాటలను మెచ్చినవాడు కాడు. పండితుడై యుండియు, పదిమందికి అందవలెనని ద్విపదను, జాను తెనుగును చేపట్టినాడు. తరువాత మన కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య గొబ్బి, జాజర, సువ్వి వంటి జానపద ఫణుతులను తన సంకీర్తనలలో వాడుకొనినాడు. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయమున ఒక అరలో శతాబ్దముల తరబడి మూతబడి యుండెను. ఆ కాలమున వాటి విలువ తరిగినదనగలమా? 20వ శతాబ్దమున అవి ఇంటింట మ్రోగినంత మాత్రమున విలువ కొత్తగా పుట్టినదనగలమా? విలువయు ప్రచారమును ఎల్లప్పుడు కలసి నడువవు.

ఒకే కవి, రెండు పాటలు

ఈ మాటకు నేటి కాలమున చక్కని ఉదాహరణ కలదు. చంద్రబోస్ గారు రచింపగా కీరవాణి గారు స్వరపరచిన 'నాటు నాటు' 2023 మార్చిలో ఆస్కారు బహుమతిని పొందినది. దానిని ఎరుగని విద్యార్థి లేడు. అదే 2023 ఆగస్టులో చంద్రబోస్ గారికే ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారము ప్రకటింపబడినది. ఆ పురస్కారము 'కొండపొలం' అను 2021 నాటి చిత్రములోని 'ధం ధం ధం' పాటకు వచ్చినది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల ఆ చిత్రమునకు ఆధారము. కరవు కాలమున మేతకై గొర్రెల మందలను నల్లమలకు తోలుకొని పోవు మన సీమ కాపరుల కథ అది. మన అడవి, మన కరవు, మన మాట. అయినను ఆ పాట నోటికి వచ్చినవారు మన తరగతులలో అరుదు. కవి ఒక్కడే, సంగీత దర్శకుడును ఒక్కడే; లెక్క మాత్రము వేరు.

అట్లని 'నాటు నాటు' తక్కువదని మేము అనము. జొన్నరొట్టె, మిరప తొక్కు వంటి పల్లె వస్తువులతో ఉపమానములు కూర్చి, జాతర దరువును విడువక సాగిన పాట అది. తెలుగు రాని దేశములవారు కాలు కదిపినది ఆ దరువునకే. వారికి అందనిది, మనకు మాత్రమే అందునది అందులోని మాట. దానిని మనము కూడ దరువుగా మాత్రమే వినినచో, ఇంటి సొత్తును పొరుగువాని వలె చూచినట్లగును.

2024లో 'గుంటూరు కారం' చిత్రములోని 'కుర్చీ మడతపెట్టి' పాట మిక్కిలి ప్రచారము పొందినది. అంతకు ముందే చరవాణులలో వ్యాపించిన ఒక మాట దాని పల్లవికి ఆధారము. తాళమునందు బలమున్నది, ఆటకు అనుకూలమైనది. కాని పల్లవి దాటిన పిమ్మట మనసున నిలుచు భావమేదియని అడిగినచో జవాబు కష్టము. ఒక్క మాట పాటను మోయగలదు గాని, ఎంత దూరము మోయగలదను సందేహము మాకున్నది.

ఉచ్చారణ

తెలుగు ఎరుగని గాయకులు పాడుటచే ళకారము లకారమగుచున్నదని, ఒత్తులు జారుచున్నవని పెద్దలు బాధపడుదురు. ఆ బాధ న్యాయమైనదే. కాని దోషము పుట్టుకది కాదు, సాధనది. పంజాబులో జన్మించిన మహమ్మద్ రఫీ గారు 1969లో 'భలే తమ్ముడు'లో పాడిన తెలుగు పాటలను నేటికిని ఆదరముతో వినువారున్నారు. ఉర్దూ మాతృభాషగా గల మన విద్యార్థులకు ఇది ధైర్యమునీయవలెను. తెలుగు నాలుకకు వచ్చునది జన్మ వలన కాదు, శ్రద్ధ వలన.

మన యిండ్లలోని పాటలు

అసలు నష్టము మరియొక చోట జరుగుచున్నది. దక్కనీ ఉర్దూలో 'చక్కీనామా' అను పాటలు కలవు. తిరుగలి త్రిప్పుచు స్త్రీలు పాడుకొనుటకై సూఫీల సంప్రదాయమున వెలసినవవి. తెలుగు ఇండ్లలో తిరుగలి పాటలున్నవి. రెండు భాషలు, రెండు మతములు. రాయి ఒక్కటే, చేతి శ్రమ ఒక్కటే. పీర్ల పండుగ నాడు మన సీమలో హిందువులు, ముస్లిములు కలసి తెలుగున పాడు పాటలును ఈ కోవలోనివే. సినిమా పాట వచ్చి వీటిని చంపినదనుట తేలిక, కాని సత్యము కాదు. పిండిమర వచ్చి తిరుగలి మూలబడినది; దానితో పాటకు పని పోయినది. పని పోయిన పాటను ఎవరును నిషేధింపనక్కరలేదు. అది పాడు ముదుసలితో పాటు నిశ్శబ్దముగా పోవును.

పరీక్షించు విధము

విద్యార్థులారా! ఏ పాటనైనను నాలుగు ప్రశ్నలతో పరీక్షింపుడు. వాద్యములు తీసివేసి చదివినచో మాట నిలుచునా? అక్షరములు శుద్ధముగా పలుకబడినవా? మనిషికి శ్రమలో, శోకములో, పండుగలో ఏదైన ఉపయోగమున్నదా? యంత్రమును ఆపిన పిమ్మట నోట మిగులునా? ఈ నాలిగింట నెగ్గినది జనప్రియమైనను మంచిదే, కాకపోయినను మంచిదే.

కళాశాల సంఘము పెద్దలకు మా మనవి ఒకటి. వార్షికోత్సవమున సినిమా పాటలు వలదని నిషేధింపకుడు. అవి మాత్రమే చాలునని ఊరకుండకుడు. సినిమా పాట పాడువాడు ముందుగా రచయిత పేరును, పాట భావమును సభకు చెప్పవలెనని నియమింపుడు. ప్రతి విద్యార్థియు తన అవ్వనో, నానీనో, దాదీనో అడిగి ఒక పాటను వ్రాసికొని, ఏ ఊరిలో ఏ పనికి పాడెడివారో క్రింద గుర్తించి తేవలెను. తెలుగువి తెలుగు పుటలలోను, ఉర్దూవి ఉర్దూ పుటలలోను ఈ సంచికయందే అచ్చు వేయవచ్చును. సోమనాథుడు తొమ్మిది పేర్లు వ్రాసి పెట్టుటచే ఆ పాటల ఉనికి మనకు తెలిసినది. మన అవ్వల పాటలకు అట్టి వ్రాయసకాడు ఇంకను కావలసియున్నాడు. ఆ పనికి విద్యార్థులే తగినవారు. అవ్వలుండగానే చేయవలసిన పని అది.