కోడ్ వచ్చే ఫోన్ ఎవరిది?

పోచంపల్లి చీరలు అమ్మేవాళ్లకి, మగ్గం వర్క్ బ్లౌజులు కుట్టేవాళ్లకి, పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ పేజీయే కొట్టు. ఆర్డర్లు అందులోకే వస్తాయి, పాత కస్టమర్లతో మాట్లాడుకున్నదంతా అందులోనే ఉంటుంది. బజార్లో కొట్టుకి రెండు తాళాలు వేసి లాగి చూసుకుని మరీ ఇంటికి వెళ్లేవాళ్లు, ఈ కొట్టుకి మాత్రం ఒక్క పాస్‌వర్డ్‌తో సరిపెడుతున్నారు. అది కూడా చాలాసార్లు పిల్లల పేరు, పక్కన పుట్టిన సంవత్సరం.

రెండో తాళం అంటే పాస్‌వర్డ్ కొట్టాక అడిగే కోడ్. దాన్ని అథెంటికేటర్ యాప్‌లో చూసుకోవచ్చు, ఎస్సెమ్మెస్‌గా తెప్పించుకోవచ్చు, వాట్సాప్‌కి తెప్పించుకోవచ్చు. అథెంటికేటర్ యాప్ అన్నిటికన్నా గట్టిది. అందులో ప్రతి 30 సెకన్లకి కొత్త కోడ్ వస్తుంది, దానికి సిగ్నల్ గానీ నెట్ గానీ అక్కర్లేదు. అది అలవాటైనవాళ్లు అదే వాడుకోండి. కానీ ఫోన్లో కొత్త యాప్ అంటేనే జంకేవాళ్లకి, సిగ్నల్ అందక ఎస్సెమ్మెస్ కోసం మేడెక్కి నిలబడేవాళ్లకి వాట్సాప్ బాగా పనికొస్తుంది. ఇంట్లో వైఫై ఉంటే చాలు, కోడ్ వచ్చేస్తుంది.

అయితే ఇన్‌స్టాగ్రామ్ కోడ్లు వాట్సాప్‌కి మళ్లించే ముందు వాట్సాప్‌నే భద్రం చేసుకోవాలి. ఈ వరస తప్పితే చేసిందంతా వృథా. మీ వాట్సాప్ ఎవడి చేతిలోనైనా పడితే కోడ్లూ వాడికే పోతాయి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంటుంది. అక్కడ ఆరంకెల పిన్ పెట్టుకోండి. మీ నంబరుతో ఎవరైనా వేరే ఫోన్లో వాట్సాప్ తెరవాలని చూస్తే ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ ఒక్కటే సరిపోదు, ఈ పిన్ కూడా చెప్పాల్సిందే. తర్వాత ఈమెయిల్ అడుగుతుంది. చాలామంది దాన్ని దాటేస్తారు, మీరు మాత్రం ఇవ్వండి. పిన్ మర్చిపోయి, ఈమెయిల్ కూడా లేకపోతే 7 రోజులు ఆగాలి. పెళ్లిళ్ల సీజన్లో వారం రోజులు వాట్సాప్ లేకుండా వ్యాపారం ఎలా నడుస్తుందో మీకే తెలుసు. వాట్సాప్‌లోనే లింక్డ్ డివైజెస్ కూడా తెరిచి చూడండి. ఎప్పుడో జిరాక్స్ షాపు కంప్యూటర్లో తెరిచి వదిలేసింది కనిపిస్తే తీసేయండి.

ఇక ఇన్‌స్టాగ్రామ్ సంగతి. ప్రొఫైల్లో పైన మూడు గీతలు నొక్కి, అకౌంట్స్ సెంటర్‌లోకి, అక్కణ్నుంచి పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీలోకి, టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్‌లోకి వెళ్లండి. ఏ అకౌంటుకో ఎంచుకుంటే పద్ధతులు చూపిస్తుంది. వాట్సాప్ ఎంచుకుని మీ నంబరు సరిచూసుకోండి, వచ్చిన కోడ్ కొట్టండి. అక్కడే బ్యాకప్ కోడ్లు కూడా ఉంటాయి. వాటిని కాగితం మీద రాసి బ్యాంకు పాస్‌బుక్ పెట్టుకునే చోట పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్లో దాచుకుంటే, ఫోన్ పోయిన రోజు అవీ దాంతోపాటే పోతాయి.

అందరూ తేలిగ్గా తీసుకునేది, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. కోడ్ ఎవరి ఫోనుకి వెళ్తోంది? చిన్న వ్యాపారాల్లో పేజీ పెట్టేది తరచూ మేనల్లుడో, పోస్టులు పెట్టడానికి కుదుర్చుకున్న కుర్రాడో. అతని నంబరుతోనే మొదలవుతుంది, అలాగే సాగిపోతుంది. రేపు జీతం దగ్గర మాట తేడా వచ్చి అతను మానేస్తే, కోడ్లన్నీ అతని ఫోనుకే. కాబట్టి నంబరు యజమానిదే ఉండాలి. పనిచేసేవాళ్లకి మెటా బిజినెస్ సూట్‌లో విడిగా యాక్సెస్ ఇవ్వొచ్చు. పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు, మానేసినప్పుడు ఆ యాక్సెస్ తీసేస్తే సరిపోతుంది.

ఉద్యోగం చేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇదే మాట. ఓనరుగారి పేజీకి మీ సొంత నంబరు ఇవ్వకండి. రేపు ఆ పేజీకి ఏం జరిగినా మొదటి అనుమానం మీ మీదికే వస్తుంది. ఇప్పటికే ఇచ్చి ఉంటే, మానేసేముందు ఆయన ఎదురుగానే నంబరు మార్పించి, "మార్చేశామండీ" అని ఆయనకి ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి.

నంబరు మీదే అయినంత మాత్రాన చాలదు, అది బతికుండాలి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు. ఆపేసిన నంబరును మరో 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. కువైట్లో, దుబాయ్‌లో, అమెరికాలో ఉంటూ ఇక్కడి నంబరు మీద వాట్సాప్ నడుపుకునే మనవాళ్లు దీన్ని బాగా పట్టించుకోవాలి. పైగా సిమ్ ఫోన్లో ఉంటేనే మెసేజింగ్ యాప్ పనిచేసేలా చూడాలని 2025 నవంబరులో టెలికాం శాఖ యాప్‌లను ఆదేశించింది. అందుకని ఇక్కడి సిమ్‌కి రీచార్జ్ మానకండి, దాన్ని రెండో స్లాట్‌లో ఉంచుకోండి.

ఎన్ని తాళాలు వేసినా, కోడ్ మనంతట మనమే చెప్పేస్తే చేసేదేమీ లేదు. "మీ పేజీ మీద కాపీరైట్ కంప్లయింట్ వచ్చింది, కోడ్ పంపండి" అని లోగో పెట్టుకుని మరీ మెసేజ్ చేస్తారు. అసలు కోడ్ మెసేజ్‌లోనే, దీన్ని ఎవరికీ చెప్పొద్దని రాసి ఉంటుంది. తెలిసినవాళ్ల నంబరు నుంచే "పొరపాటున నా కోడ్ నీకొచ్చింది, పంపు" అని వస్తే, ముందు వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడండి. కొరియర్ వాళ్లమంటూ స్టార్ 21 స్టార్‌తో మొదలయ్యే నంబరేదో డయల్ చేయమంటారు. చేశారంటే మీకొచ్చే కాల్స్ వాడికి పోతాయి, వాట్సాప్ కాల్ చేసి చెప్పే కోడ్ కూడా వాడే వింటాడు. ఇప్పటికే డయల్ చేసి ఉంటే ##002# కొట్టండి, ఫార్వర్డింగ్ మొత్తం రద్దవుతుంది.

ఒకవేళ వాట్సాప్ చేజారితే కంగారుపడి యాప్ తీసేసి కూర్చోకండి. వెంటనే మీ నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. వాడు కొత్త పిన్ పెట్టి ఉంటే మీరు 7 రోజులు ఆగాల్సి రావచ్చు గానీ, ఆ వారమంతా వాడూ లోపలికి రాలేడు. ఈలోగా ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ మార్చి, కోడ్లు వేరే పద్ధతికి మళ్లించండి. మీ పేరుతో డబ్బులు అడిగితే పంపొద్దని కస్టమర్లకి కబురు చెయ్యండి. అప్పటికే ఎవరైనా పంపేసి ఉంటే, పంపినవాళ్ల చేత ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి.