పాఠం 17: వేట విరామంలో ట్యాంకులో మిగిలిన పెట్రోలు

17.0 ఉపోద్ఘాతం

తూర్పు తీరంలో ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట ఆగిపోతుంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవలు, ఇంజన్ బిగించిన తెప్పలు ఆ రోజుల్లో వేటకు వెళ్లరాదని నిషేధం. రోజులు మీరే లెక్కపెట్టి చూడండి: ఏప్రిల్‌లో 16, మేలో 31, జూన్‌లో 14. మొత్తం 61.

ఈ 61 రోజుల్లో వలలు అల్లుకుంటారు, తెప్పకు రంగు వేసుకుంటారు, పగుళ్లు పూడ్చుకుంటారు. వల సంగతి ఇంట్లో ఆడా మగా అందరూ పట్టించుకుంటారు. ట్యాంకు అడుగున మిగిలిపోయిన పెట్రోలును మాత్రం ఎవరూ పట్టించుకోరు. విరామం ముగిసిన తెల్లవారి తెప్పను నీళ్లలోకి దింపి, ఒడ్డున విరిగే కెరటాలను దాటుతుండగా ఇంజన్ ఆగిపోయిందనుకోండి. జూన్ నడుమ అంటే నైరుతి రుతుపవనాలు మన తీరానికి వచ్చే రోజులు. ఇంజన్ ఆగిన తెప్ప కెరటానికి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన తెప్పను రెండో కెరటం బోర్లా వేస్తుంది. అందుకే ఈ చిన్న విషయానికి ఒక పాఠం కేటాయించాం.

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు నిల్వ పెట్రోలు ఎందుకు మారిపోతుందో కారణాలతో వివరించగలుగుతారు. ట్యాంకును ఖాళీ చేసి దాచే పద్ధతిని మరొకరికి అర్థమయ్యేలా రాయగలుగుతారు. వాడుకలోని మాటలను రాతభాషలోకి మార్చగలుగుతారు.

17.2 ఒక సంభాషణ

ఉత్తరాంధ్ర తీరంలో ఒక మామ, మేనల్లుడు తెప్పను ఇసుక మీదికి లాగిన తరువాత మాట్లాడుకుంటున్నారు.

"మావా, టాంకులో అయిదారు లీటర్ల పెట్రోలు ఉండిపోనాది. ఏటి సేద్దాం?"

"ఉండనీరా. రెండు నెల్లే గదా. అదేటి పాలా, ఇరిగిపోడానికి?"

"పాలు ఇరిగితే కంటికి అవుపిస్తాది మావా. ఇది అవుపించదు."

ఇద్దరిలో ఎవరిది సరైన మాట? తొందరపడి మేనల్లుడిదే అనకండి. మామ మాటలోనూ కొంత నిజం ఉంది. బిగుతైన మూత ఉన్న డబ్బాలో, నీడపట్టున, చల్లగా ఉంచిన పెట్రోలు రెండు నెలల్లో పాడైపోదు. అయితే తెప్ప ట్యాంకు అలాంటి డబ్బా కాదు. దాని మూతకు గాలి మర ఉంటుంది. ఇంజన్ పెట్రోలు పీలుస్తున్నప్పుడు ఆ ఖాళీలోకి గాలి రావాలి కాబట్టి ఆ మర విప్పి ఉంచుతాం. వేట అయిపోయాక బిగించడం మరచిపోతాం. ఆ ట్యాంకు మే నెల ఎండలో, ఉప్పుగాలిలో, ఇసుక మీద పడి ఉంటుంది. కాబట్టి ప్రశ్న పెట్రోలు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది కాదు, ఎలాంటి చోట నిలుస్తుంది అన్నది.

17.3 పెట్రోలు ఎందుకు మారుతుంది?

పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికగా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి అయిన అనేక ద్రవాల మిశ్రమం. తాడు లాగగానే ఇంజన్ అందుకోవడానికి ఉపయోగపడేవి తేలిక భాగాలు. గాలి మర తెరిచి ఉంటే ముందుగా పోయేవీ అవే. మిగిలిన దానికి పెట్రోలు వాసన ఉంటుంది, మండుతుంది కూడా. కానీ ఇంజన్ ఒక పట్టాన అందుకోదు. దీనికి తోడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పెట్రోలులో జిగురు వంటి పదార్థం తయారవుతుంది.

ఈ జిగురు మొదట ఎక్కడ చేరుతుంది? ట్యాంకులో అనుకుంటారు చాలామంది. కాదు. కార్బురేటర్‌లో. దాని గిన్నెలో నిలిచేది కొన్ని చెంచాల పెట్రోలు మాత్రమే. అంత కొద్ది పెట్రోలు వేసవిలో కొద్ది వారాల్లోనే ఆవిరై, జిగురు అడుగున పేరుకుంటుంది. పెట్రోలు పారే జెట్ రంధ్రం సూది మొన అంత ఉంటుంది. అది మూసుకుపోవడానికి ఎంతో జిగురు అక్కరలేదు. వేట విరామం తరువాత మరమ్మతుకు వచ్చే ఇంజన్లలో ముందుగా చూడవలసిన చోటు ఇదే. ట్యాంకు ఖాళీ చేసి కార్బురేటర్‌ను మరచిపోతే సగం పని కూడా చేయనట్లే.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.1
1. గాలి మర తెరిచి ఉంచిన ట్యాంకులో పెట్రోలు మిగిలినా ఇంజన్ ఎందుకు సులువుగా అందుకోదు?
2. కార్బురేటర్‌లోని పెట్రోలు ట్యాంకులోని దానికంటే ముందుగా ఎందుకు పాడవుతుంది?

17.4 నీరు చేరితే

ఒక గాజు గ్లాసులో సగానికి వేరుశనగ నూనె పోయండి. ఒక పెద్ద చెంచా నీళ్లు కలపండి. నీళ్లు అడుగుకు దిగుతాయి. ఇప్పుడు బొప్పాయి ఆకు కాడను, పై చివర బొటనవేలితో మూసి, గ్లాసు అడుగు దాకా దించండి. వేలు తీసి, మళ్లీ మూసి, కాడను పైకి ఎత్తండి. కాడలోకి వచ్చింది నూనెనా, నీళ్లా? ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం కూడా ఇలాగే అడుగు దాకా ఉంటుంది. (ఈ ప్రయోగాన్ని నూనెతోనే చేయండి. పెట్రోలుతో ఇంట్లో ఎలాంటి ప్రయోగమూ చేయకూడదు.)

లీటరు నీరు కిలో బరువు ఉంటుంది. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలోకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల నీరు అడుగున చేరి, ఇంజన్‌లోకి ముందుగా పోతుంది. పాత రోజుల్లో సంగతి ఇంతటితో ఆగేది. అడుగున ఉన్న నీటిని వంపేస్తే పైనున్న పెట్రోలు పనికివచ్చేది.

ఇప్పుడు అలా కాదు. మన దేశంలో పెట్రోలుకు ఇథనాల్ కలుపుతున్నారు. చెరకు, మొక్కజొన్న, నూకల వంటి వాటి నుంచి తీసే సారాయి జాతి ద్రవం ఇది. నూటికి 10 వంతులు కలపాలన్న లక్ష్యం 2022లో నెరవేరింది. 20 వంతులు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకులకు వచ్చి, 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలు అయింది. ఇథనాల్‌కు నీరంటే ఇష్టం. కొద్దిపాటి నీరు చేరితే తనలో కలుపుకుంటుంది, పైకి ఏమీ తెలియదు. 10 వంతుల ఇథనాల్ ఉన్న 20 లీటర్ల పెట్రోలు దాదాపు 100 మి.లీ. నీటిని ఇలా ఇముడ్చుకోగలదు. 20 వంతులు ఉంటే ఇంకా ఎక్కువ. ఆ హద్దు దాటిందంటే మాత్రం, ఇథనాల్ పెట్రోలును విడిచి నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడండి. 20 లీటర్ల పెట్రోలులో 20 వంతుల చొప్పున 4 లీటర్ల ఇథనాల్ ఉంది. విడిపోయినప్పుడు అడుగున చేరేది చెంచాడు నీరు కాదు. ఇథనాల్, నీరు కలిసిన కొన్ని లీటర్ల ద్రవం. దానితో ఇంజన్ నడవదు. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాల్ పోవడం వల్ల బలహీనపడి, ఇంజన్‌లో టకటక చప్పుడు తెస్తుంది. విడిపోయిన దానిని కుదిపినా, మందులు పోసినా, కొత్త పెట్రోలు కలిపినా నమ్మదగిన పెట్రోలుగా మారదు.

నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఉప్పుగాలిలోని తేమ మొత్తం ట్యాంకులోకి దిగిపోతుందని కొందరు భయపెడతారు. అది అతిశయోక్తి. చిన్న గాలి మర గుండా రెండు నెలల్లో చేరే తేమ కొంచెమే. అసలు నీరు వచ్చేది వానతో. సగం తిప్పి వదిలేసిన మూత, నెర్రెలిచ్చిన రబ్బరు వాషర్, జూన్ మొదట్లో ఒక్క గాలివాన. అంత చాలు. పైగా చల్లబడిన పెట్రోలు నీటిని తక్కువగా ఇముడ్చుకుంటుంది. అందుచేత పగలు బాగున్నది వాన పడిన రాత్రి విడిపోవచ్చు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 17.2
3. 12 లీటర్ల ట్యాంకు నిండా 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు ఉంది. అందులో ఇథనాల్ ఎంత?
4. విడిపోయిన పెట్రోలులో అడుగు భాగాన్ని వంపేస్తే మిగిలినది ఎందుకు మంచి పెట్రోలు కాదు?

17.5 కంటికి కనబడని ఆవిరి

కిరోసిన్ దీపం కింద పడితే ఒక్కోసారి ఆరిపోతుంది. ఆ అలవాటుతో పెట్రోలును చూడకండి. కిరోసిన్ ఆవిరి అంటుకోవాలంటే అది 35 డిగ్రీల పైన వేడెక్కాలి. పెట్రోలుకు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువలో కూడా అంటుకునేంత ఆవిరి వస్తుంది. అంటే మన ఊళ్లో, ఏ ఋతువులోనైనా, ఏ వేళనైనా అది సిద్ధంగానే ఉంటుంది.

ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. ఇంట్లో ఒక మూల పెట్టిన క్యాను నుంచి వచ్చిన ఆవిరి గడప దాటి, వంట గదిలోని పొయ్యి దాకా పోగలదు. మంట అక్కడ పుట్టి వెనక్కు, క్యాను దాకా వస్తుంది. పిల్లలు చాప మీద పడుకునేది కూడా ఆ నేల మీదే. కాబట్టి మంచి పెట్రోలైనా చెడ్డ పెట్రోలైనా పడుకునే ఇంట్లో ఉంచవద్దు. ఈ పాఠంలో మిగతాదంతా మరచిపోయినా ఈ మాట మరచిపోకండి.

మరొక సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదకరం. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర వంతుల మధ్య ఉన్నప్పుడే పేలుతుంది. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది. ఖాళీ చేసిన ట్యాంకులో గాలి చేరి, సరిగ్గా పేలే పాళ్లకు వస్తుంది. వేట విరామంలోనే చిల్లుపడిన ఇనుప ట్యాంకులకు అతుకు వేయించుకుంటారు. "ఖాళీదే గదా" అని వెల్డింగ్ షాపుకు ఇవ్వవద్దు. ఖాళీ ట్యాంకులు, డ్రమ్ములు వెల్డింగ్ మంటకు పేలి మనుషులు చనిపోయిన ఘటనలు ఎన్నో. ప్లాస్టిక్ ట్యాంకు చిల్లుపడితే కొత్తది కొనడమే మేలు.

17.6 ఏం చేయాలి?

ముందు చివరి వారం కొనుగోలు తగ్గించండి. ఏప్రిల్ 10 దాటిన తరువాత ఏ రోజు వేటకు ఆ రోజు సరిపడా పోయించుకుంటే దాచవలసినదే ఉండదు. అయితే తిరిగి ఒడ్డు చేరడానికి కావలసిన దానికి కోత పెట్టకండి. పొదుపు బంకు దగ్గర చేయాలి గాని సముద్రం మీద కాదు.

మిగిలినదాన్ని క్యానులోకి తీసేటప్పుడు గొట్టం నోట పెట్టి పీల్చడం మన వైపు అలవాటు. దయచేసి మానండి. గుక్కెడు పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు. వాంతిలో మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అవుట్‌బోర్డు ఇంజన్ గొట్టానికి చేతితో నొక్కే రబ్బరు బల్బు ఉండనే ఉంది. దానితో తీయవచ్చు. పగటిపూట, ఆరుబయట, బీడీ సెగ లేని చోట, క్యానును నేల మీద పెట్టి తీయండి.

తీసిన పెట్రోలులో ఆయిల్ కలపలేదా? అదే రోజు మోటారు సైకిల్‌లో పోసి వాడేయండి. దానికంటే మంచి నిల్వ పద్ధతి లేదు. టూ స్ట్రోక్ ఇంజన్ కోసం ఆయిల్ కలిపినదైతే ఇప్పటి మోటారు సైకిళ్లకు పనికిరాదు. కొన్ని పొలం మందు స్ప్రేయర్లు ఆయిల్ కలిపిన పెట్రోలుతోనే నడుస్తాయి. ఆయిల్ పాళ్లు తేడా ఉంటాయి కాబట్టి ఇచ్చేటప్పుడు మీ పాళ్లు చెప్పి ఇవ్వండి.

దాచక తప్పకపోతే బిగుతైన మూత ఉన్న లోహపు డబ్బాలో దాచండి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోలును లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోరాదు. లోహపు డబ్బా 25 లీటర్లు దాటరాదు. నీళ్ల సీసాల్లో పోయడం చట్టానికీ విరుద్ధం, పిల్లలకూ ప్రాణాంతకం. డబ్బాను అంచుదాకా నింపకండి. ఒక డిగ్రీ వేడెక్కితే 100 లీటర్ల పెట్రోలు సుమారు 0.1 లీటరు ఉబ్బుతుంది. తెల్లవారి 25 డిగ్రీలు ఉన్నది మధ్యాహ్నం 45కు చేరితే 24 లీటర్లు దాదాపు అర లీటరు పెరుగుతాయి. ఆ అర లీటరుకు చోటు లేకపోతే డబ్బా కారుతుంది. డబ్బా మీద నింపిన తేదీ, ఆయిల్ కలిపినదీ లేనిదీ రాయండి.

ఇంజన్‌ను మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి నడపండి. ఉప్పు కడుక్కుపోతుంది. నడుస్తుండగానే పెట్రోలు గొట్టం ఊడదీస్తే కార్బురేటర్‌లోది ఖర్చయి ఇంజన్ తానే ఆగుతుంది. ఆ తరువాత కార్బురేటర్ అడుగు స్క్రూ విప్పి, మిగిలిన చుక్కలు చిన్న పాత్రలోకి దించండి. నీళ్లు లేకుండా మాత్రం ఇంజన్ తిప్పవద్దు, పంపులోని రబ్బరు రెక్కలు కాలిపోతాయి. కార్బురేటర్ లేని కొత్తరకం ఇంజన్ అయితే ఇంజన్‌తో ఇచ్చిన పుస్తకం చెప్పినట్లు చేయండి.

డీజిల్ బోట్ల సంగతి వేరు. డీజిల్‌లో ఇథనాల్ ఉండదు, ఆవిరి తక్కువ. బోటుకే బిగించిన ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గోడలకు చెమ్మ పడుతుంది కాబట్టి దాన్ని కాస్త చోటు వదిలి నింపి ఉంచడమే మంచిది.

పాఠాంత ప్రశ్నలు
5. 20 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే ఎంత పెరుగుతుంది?
6. 17.2లోని మేనల్లుడి రెండు మాటలను రాతభాషలో రాయండి.
7. ఖాళీ ట్యాంకును వెల్డింగ్‌కు ఎందుకు ఇవ్వకూడదో మామకు అర్థమయ్యేలా అయిదు వాక్యాల్లో రాయండి.

జవాబులు
1. తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందే పోతాయి కాబట్టి.
2. అక్కడ ఉండేది కొద్ది పెట్రోలు. త్వరగా ఆవిరై జిగురు మిగులుస్తుంది.
3. 2.4 లీటర్లు.
4. ఇథనాల్ అడుగు భాగంతో పోయినందువల్ల పై పెట్రోలు బలహీనపడుతుంది.
5. దాదాపు 0.3 లీటరు.
6. "మామా, ట్యాంకులో అయిదారు లీటర్ల పెట్రోలు ఉండిపోయింది. ఏమి చేద్దాం?" "పాలు విరిగితే కంటికి కనిపిస్తుంది మామా. ఇది కనిపించదు."
7. మీ జవాబును 17.5తో సరిచూసుకోండి. మీకు తెలిసిన తెప్ప యజమానికి చదివి వినిపించి, అర్థమైందో లేదో అడగండి.