ఏ మాటకు ఎంత ఆధారం?

జుమా నమాజు తర్వాత ఒక పెద్దాయన నన్ను ఆపి, "మౌలానా సాబ్, షుగర్ మాత్రలు మానేసి కషాయం తాగుతున్నాను. మా బావమరిదికి దానితోనే తగ్గింది" అన్నారు. ఆ కషాయం మంచిదో చెడ్డదో తేల్చే విద్య నాది కాదు. కాని మాత్రలు మానేయటమనే పెద్ద నిర్ణయానికి ఒక్క బావమరిది సాక్ష్యం సరిపోతుందా?

మదరసాలో హదీసు విద్య చదివినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఉల్లేఖకుల పరంపర (సనద్)ను బట్టి హదీసుల్లో సహీహ్, హసన్, జయీఫ్ అనే అంతస్తులున్నాయి. అయితే అంతస్తు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. హలాల్, హరాముల విషయంలో ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) వంటివారు సనద్‌ను కఠినంగా పరీక్షించేవారు. సత్కార్యాల పుణ్యాన్ని తెలిపే ఉల్లేఖనాల్లో కొంత సడలింపు చూపేవారు. (ఆ సడలింపును ఒప్పుకోని పండితులూ ఉన్నారు. కల్పిత హదీసుకైతే ఎక్కడా చోటు లేదు.) ప్రజలపై పడే భారం ఎంతో, అడగవలసిన ఆధారం అంత అన్నమాట.

వైద్య పరిశోధనలోనూ ఇదే దారి. గుండెపోటు వచ్చినవారిలో గుండె లయ తప్పటం ప్రమాదకరం గనుక, దాన్ని సరిచేసే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ప్రాణం కాపాడతాయని వైద్యులు నమ్మారు. ఇ.సి.జి.లో లయ కుదుటపడటం కళ్ళారా చూశారు కూడా! 1987లో మొదలైన ఒక పరీక్షలో రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీశారు. ఈ మందులు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లోనే ఆ మందులు ఆపించారు. లయ కుదుటపడటం వేరు, ప్రాణం నిలవటం వేరు. మందు మేలు చేస్తుందని చెప్పాలంటే ఇంత గట్టి పరీక్ష కావాలి.

హాని సంగతి అలా కాదు. గర్భిణులు వాడిన థాలిడోమైడ్ వల్ల శిశువులు కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుడుతున్నారని 1961లో జర్మనీలో లెంజ్, ఆస్ట్రేలియాలో మెక్‌బ్రైడ్ హెచ్చరించారు. వారి చేతిలో ఉన్నవి కొన్ని కేసులే. మందు ఆపటానికి అవి చాలు. గర్భిణులకు చీటీలు వేసి పరీక్షించమని ఎవరడుగుతారు?

పెద్దాయనతో ఇదంతా చెప్పలేదు. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టే విషయం ఈరోజే డాక్టరుగారిని అడగమనీ, కషాయం సంగతి కూడా దాచకుండా చెప్పమనీ అన్నాను. "మరి మా బావమరిది?" అన్నారు. ఆయన మాత్రలు నిజంగా మానేశారో, రెండూ కలిపి వాడుతున్నారో ముందు కనుక్కోమన్నాను.