కరువు సీమలో కొత్త కాపురం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, అల్లుడికి మేనత్త ఆశీస్సులు.

సంక్రాంతి వెళ్లగానే ధర్మవరం పక్క పల్లెలో, అల్లుడి తాతగారు కట్టించిన మిద్దె ఇంట్లో కాపురం పెడుతున్నారని కబురు అందింది. కాలవ గట్టున, కొబ్బరి చెట్ల నీడలో పెరిగిన పిల్ల అనంతపురం సీమకు వస్తోందంటే పుట్టింట్లో అందరికీ ఒకటే దిగులు. అక్కడ నీళ్లుండవట, అన్నం సరిగా దొరకదట అని. నీళ్లు తక్కువన్న మాట నిజమే. తిండి మాట వేరు. ఏ గింజ ఎప్పుడు కొనాలో, ఎలా దాచాలో తెలిసిన ఇంట్లో ఇక్కడ కమ్మటి తిండికి కొదవ ఉండదు. ఆ తెలివిడి ఈ సీమ ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా ఉంది. చూసేవాళ్లు దాన్ని పేదరికం అనుకుంటారు. అది పేదరికం కాదు, పనితనం. కొత్తగా వచ్చే అమ్మాయి ముందుగా పట్టుకోవలసింది ఆ సంగతే.

ఇక్కడ ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీద కురిసి తేలికపడ్డాక ఇటు వస్తాయి. ఈశాన్య మేఘాలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేసే నాటికి 1876–78 ధాత కరువు తాలూకు గాయం ఇంకా మానలేదు. 1952లో రాయలసీమ పల్లెల్లో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది. అలాంటి ఏళ్లను చూసిన ఇళ్లు గనక, పండిన ఏడాది తింటూనే పండని ఏడాదికి కొంత తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకున్నాయి. ఆ దాపుకు పూర్వం పాతరలుండేవి. నేలలో గుంత తవ్వి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన మట్టితో మూసేవాళ్లు. గాలి తగలని గింజకు పురుగు పట్టదు. పాతర తెరిచిన వెంటనే మాత్రం ఎవరూ లోపలికి దిగేవాళ్లు కాదు, లోపలి చెడుగాలి మనిషి ప్రాణం తీస్తుందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు పాతరలు అక్కర్లేదు గానీ వాటి వెనక ఉన్న సూత్రం అక్కరకొస్తుంది. పొట్టుతో ఉన్న గింజ నిలుస్తుంది, పొట్టు తీసింది నిలవదు. రాగులు గట్టి గింజలు, బాగా ఎండబెట్టి దాస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. పిండి పట్టిస్తే వారాల్లోనే రుచి మారుతుంది. అందుకని రాగులు బస్తాగా కొనాలి, పిండి మాత్రం పది పదిహేను రోజులకు సరిపడా పట్టించుకోవాలి. కొర్రలదీ అదే దారి. చెనక్కాయలు కాయలుగానే ఉంచాలి, వంటకు కావలసినప్పుడు ఒలుచుకోవాలి. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టే పద్ధతి ఈ సీమలో ఇంకా ఉంది. కందిబేడలకు, పెసలకు కొంచెం ఆముదం రాస్తే పురుగు చేరదు, వండే ముందు కడిగేస్తే చాలు.

చెనక్కాయల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మీ వైపు వేరుశెనగ అనేది ఇక్కడ చెనక్కాయ, లోపలి పప్పు చెనక్కాయ విత్తనం. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా ఈ ఒక్క పంటే పరుచుకుని ఉండేది. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి–6 లాంటి రకాలను ఎరగని రైతు ఉండడు. వంద గ్రాముల విత్తనాల్లో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి గనక పప్పు కరువైన ఇంట్లో కూడా పిల్లలకు బలం ఇదే. దానిలో ఒక ప్రమాదమూ ఉంది. పంట చివరి రోజుల్లో నేల ఎండిపోతే కాయకు ఒక రకం బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన వేసేవి చేటలో పోసి ఏరి పారెయ్యాలి. వాటిని పశువులకూ పెట్టకూడదు, పాలలోకీ ఆ విషం దిగుతుంది. ఎంత పని తొందర ఉన్నా ఈ ఏరే పని మాత్రం మానకు అమ్మలూ.

ఏరిన విత్తనాలతో ఊరిబిండి నూరుకోవచ్చు. విత్తనాలు సన్నటి సెగ మీద వేయించి, ఎండుమిరక్కాయలు, చింతపండు, ఉప్పు, తెల్లగడ్డ చేర్చి రోట్లో బరకగా నూరి, చివర్లో ఎర్రగడ్డ ముక్కలు వేసి రెండు పోట్లు వేస్తే చాలు. మిక్సీలో వేస్తే మెత్తని పచ్చడి అవుతుంది, ఊరిబిండి కాదు. దీనికి జత సంగటి.

సంగటి అంటే కొత్తవాళ్లకు భయం ఉండలు కడుతుందని. గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. అన్నం మీద ఇంకా నీళ్లు తేలుతూ తెర్లుతున్నప్పుడు గ్లాసున్నర రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, కట్టెతో కుప్పలో రంధ్రం చెయ్యాలి. ఆవిరి దానిలోంచి పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. అప్పుడే కలిపితే ఉండలు తప్పవు. మూతపెట్టి సన్నసెగన పది నిమిషాలుంచి, పచ్చివాసన పోయాక గిన్నె దించి, సంగటి కట్టెతో అడుగు నుంచి గట్టిగా కెలకాలి. చెయ్యి తడిచేసుకుని ముద్ద చెయ్యాలి. ఆ కెలికే పనికి భుజబలం కావాలి గనక అది అల్లుడు చెయ్యవలసిన పని. మొదటి వారం నుంచే అలవాటు చెయ్యి.

ఇంత కష్టపడి రాగులు ఎందుకంటే దానికి లెక్క ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో అచ్చువేసిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల సున్నం ఉంటుంది. అదే బరువు తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చిన మాట నిజం, ఆ మేలు ఈ సీమ మరిచిపోలేదు. దాంతోపాటే సంగటి, కొర్రన్నం తినేవాళ్లంటే చిన్నచూపు కూడా పెరిగింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు కొర్రలు, సామలు, ఆరికలు మళ్లీ పండించేలా రైతులకు తోడు నిలిచారు. వాళ్లతో కలిసి నడిచే ధరణి అనే రైతుల సంఘం వాటిని అమ్ముతోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక పట్నాల్లోనూ కొర్రలకు గిరాకీ వచ్చింది. మీ పల్లెలో అవి ఇంటి పక్క అంగట్లోనే దొరుకుతాయి. అన్నానికైతే కొర్రలను అరగంట నానబెట్టి, ఒకటికి రెండున్నర వంతుల నీళ్లతో వండాలి.

రోజూ సంగటే తినమని ఎవరూ అనరు. పొద్దున్నే ఆఫీసు తొందరలో ఉగ్గాని ఉంది. బొరుగులు నీళ్లలో తడిపి వెంటనే పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ, పసుపు వేసిన తిరగవాతలో కలిపి, పైన పప్పుల పొడి చల్లితే పది నిమిషాల్లో పలహారం సిద్ధం. పక్కన మిరక్కాయ బజ్జీ ఉంటే ఆదివారం కింద లెక్క. ఈ చలికాలంలో హిందూపురం, మడకశిర వైపు నుంచి అనపకాయలు వస్తాయి. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున రెండు వేళ్ల మధ్య నొక్కితే పొట్టులోంచి బేడ జారి వస్తుంది. అదే పితికిన పప్పు. దాని పులుసు సంగటిలోకి తింటే పుట్టింటి పులస గుర్తుకు రాదు. రాత్రి మిగిలిన సంగటి మట్టికుండలో నీళ్లు పోసి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. మజ్జిగ, ఉప్పు, ఎర్రగడ్డ ముక్కతో తాగితే మే నెల ఎండలో కూడా కడుపు చల్లగా ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి, అన్నిటికన్నా జాగ్రత్తగా వినవలసింది.

ఈ సీమ బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, పెద్దవాళ్ల ఎముకలు బిగుసుకుపోవడం దాని గుర్తులు. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది కూడా. ఈ బాధ తీర్చడానికే 1990ల నడుమ పుట్టపర్తి సత్యసాయి సంస్థ ఉమ్మడి అనంతపురం జిల్లాలో 731 గ్రామాలకు మంచినీటి పథకం కట్టింది. మీ ఊరి కొళాయి ఏ నీళ్లదో వచ్చిన వారంలోనే కనుక్కోవాలి. బోరు నీళ్లయితే సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వాలి.

వాననీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. యాభై చదరపు మీటర్ల సిమెంటు కప్పు మీద 550 మిల్లీమీటర్ల వాన అంటే ఏడాదికి 27,500 లీటర్లు. ఆవిరికీ, మొదటి వాన కడుగుడుకూ పోగా ఇరవై వేల లీటర్లయినా చేతికొస్తాయి. ఇద్దరు మనుషులు, అప్పుడప్పుడు వచ్చే చుట్టాలు కలిపి తాగడానికి, వంటకు రోజుకు ఇరవై లీటర్లు సరిపోతాయి. అంటే ఏడాదికి 7,300 లీటర్లు. కరువు సీమ ఇంటికప్పు మీద ఒక ఇంటికి కావలసిన తాగునీటికి రెండింతలకు పైగా కురిసి వీధిలోకి పోతోంది. చీకటిగా మూసిన తొట్టి, గొట్టం మూతికి సన్నబట్ట, మొదటి వాన నీటిని బయటికి వదిలే ఏర్పాటు ఉంటే ఆ నీళ్లు నిలుస్తాయి. వాడే ముందు కాచుకుంటే ఇంకా మంచిది.

వాడుకలోనూ వరస ఉంటుంది. బియ్యం కడిగిన నీళ్లు కుడితికి. ఆకుకూర కడిగిన నీళ్లు కరివేపాకు పాదుకు. గిన్నెలు ముందు పొడిబూడిదతోనో పీచుతోనో తుడిచి, తర్వాత కడిగితే సగం నీళ్లు మిగులుతాయి. నిల్వ చేసిన డ్రమ్ములకు మాత్రం గట్టి మూత ఉండాలి, వారానికోసారి ఖాళీచేసి లోపల గట్టిగా తోమి ఆరబెట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులే పడుతుంది, గుడ్లు అంచున అంటుకుని ఉంటాయి.

ఇంటి మాటకొస్తే, తాతగారి మిద్దె పైన ఉన్నది చౌడుమట్టి. సిమెంటు లేని రోజుల్లో ఈ సీమ కనిపెట్టుకున్న రక్షణ అది. ఆ మట్టిలో ఉండే సోడియం వల్ల తడిసినప్పుడు బంకమన్ను రేణువులు విడివడి రంధ్రాలను పూడ్చేస్తాయి, నీళ్లు కిందికి దిగవు. వానలకు ముందు ఏటా కొత్త పొర పొయ్యాలి, మొలిచిన గడ్డి పీకెయ్యాలి. ఇలాంటి మిద్దె మీది నీళ్లు మట్టితో, ఉప్పుతో వస్తాయి గనక తాగడానికి పనికిరావు. తాగునీటి గొట్టం పక్కనున్న సిమెంటు వసారా పైకప్పుకే పెట్టించాలి. మిద్దెకున్న గవాచి మూయొద్దు. వంటింటి పొగ, వేడి పైకి పోయే దారి అదే. వేసవిలో పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి, పొద్దుగుంకాక తెరిస్తే గోడలు రాత్రి చల్లదనాన్ని పగటికి మిగులుస్తాయి.

ఆషాఢం గాలులకు సిద్ధంగా ఉండాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ రోజుల్లో కసువు ఊడిస్తే దుమ్మంతా మళ్లీ ఇంట్లోకే వస్తుంది, తడిగుడ్డతో తుడవడమే మేలు. అప్పడాలు, ఒరుగులు ఆ గాలిలో పెట్టకూడదు, మార్చి, ఏప్రిల్ ఎండలకే ముగించాలి. మటిక్కాయలు, బుడంకాయలు ఉప్పు మజ్జిగలో ఊరవేసి ఎండబెడితే కూరగాయల ధర మండే నెలల్లో అవే ఆదుకుంటాయి.

రాగానే చేయవలసిన పనులు వరసగా ఇవి. జనవరిలో చెనక్కాయలు, కందులు కొని, ఏరి, ఎండబెట్టడం. ఫిబ్రవరి, మార్చిలో హిందూపురం మార్కెట్‌కు కొత్త చింతపండు వస్తుంది. ఏడాదికి సరిపడా కొని, గింజలు, పీచు తీసి, ఉప్పు కలిపి మట్టికుండలోనో జాడీలోనో అదమాలి, రాగి, అల్యూమినియం పాత్రలు వద్దు. ఏప్రిల్‌లో ఒరుగులు. మేలో మిద్దెకు చౌడు, వసారాకు గొట్టం. జూన్ మొదటి వానకు తొట్టి సిద్ధం. ముందుగా వసారా పైకప్పు పొడవు, వెడల్పు కొలిచి రాసి పంపండి. తొట్టి ఎంత లోతు తవ్వించాలో, ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి వచ్చే ఉత్తరంలో పంపుతాను.

మీ ఇద్దరి మేలు కోరే,
మేనత్త